ఇంటిపని సంచి: స్కూటర్ మీద పట్టేంత సామానులో ఏమేం ఉండాలి?

పాత ఇంటికి రిపేర్లు మొదలుపెట్టిన వాళ్ళంతా నన్ను అడిగేది ఒకటే: "అన్నా, సామాను ఏమేం కొనమంటావు?" ఫోన్లో ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పేకంటే రాసి పెట్టుకుంటే మేలని ఇది రాస్తున్నాను.

నేను మేస్త్రిని కాదు. మేముండేది తిరుపతిలో, బాడుగింట్లో. సొంతిల్లు చంద్రగిరిలో ఉంది, మా తాత కట్టింది. ఆరేళ్ళుగా ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద కాళ్ళ దగ్గర సంచి పెట్టుకుని పోతాను, సాయంత్రం దుమ్ము కొట్టుకుని వస్తాను. మొదటి ఏడాది ఆ సంచి పదిహేను కిలోలుండేది. ఇప్పుడు ఏడు దాటదు. తీసేసిన ఎనిమిది కిలోలూ నేను డబ్బు పెట్టి కొన్నవే. మీరు ఆ డబ్బు పెట్టకుండా ఉంటే చాలు.

సుత్తి, ప్లయర్ కొనడానికి అందరికీ ఉత్సాహమే. టేపు, బుడగతో మట్టం చూసే రసమట్టం దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వప్పా" అంటారు. నేను చూసిన చెడిపోయిన పనుల్లో సగానికి పైగా అక్కడే చెడ్డాయి. అందుకే కొలిచే సామాను గురించి ఎక్కువ రాశాను, మిగతావి తొందరగా చెప్పేస్తాను.

సంచిలో ఉండాల్సినవి

- 5 మీటర్ల టేపు, ఒక అడుగు రసమట్టం, మూలమట్టం, నిలువు చూసే గుండు, వడ్రంగి పెన్సిలు
- స్క్రూడ్రైవర్లు మూడు, కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్, స్క్రూ స్పానర్ (దవడ జరిపి సైజు మార్చేది)
- మేకులు పీకే సుత్తి, ముప్పావు అంగుళం ఉలి, చిన్న శానం (గోడ, సిమెంటు కొట్టే ఇనుప ఉలి)
- హాక్సా ఫ్రేము, రెండు బ్లేడ్లు, ఆకురాయి ఒకటి, పేపర్ కట్టర్
- కరెంటు టెస్టర్
- లప్పం పట్టే బ్లేడు, చిన్న తాపీ, ఉప్పుకాగితం 80, 120, 220 నంబర్లు
- చిల్లర డబ్బా (దీని గురించి కింద చెప్తాను)
- కళ్ళద్దాలు, మాస్కు, పాత గుడ్డ

డ్రిల్ మిషను ఇందులో లేదు. అది వేరే పెట్టె, వేరే బరువు. గోడకు బెజ్జం వేసే పని నెలకొకసారి వస్తుంది. ఆ రోజు మాత్రం దాన్ని తీసుకుపోండి, లేకపోతే తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోండి.

1. ముందు ఇల్లంతా తిరిగి రాసుకోండి

అంగడికి పోయే ముందు కాగితం పట్టుకుని ఒక్కో గది చూడండి. ఏ తలుపు రాసుకుంటోంది, ఏ కొళాయి కారుతోంది, ఏ గొళ్ళెం పడడం లేదు, లప్పం ఎక్కడ ఊడింది. ఇరవై పనులు తేలతాయి. వాటిలో పదిహేనింటికి పై జాబితా సరిపోతుంది. మిగతా ఐదూ మేస్త్రినో, ప్లంబర్‌నో, కరెంటాయన్నో పిలవాల్సినవి. ఆ ఐదు పనుల కోసం సామాను కొనకండి. నా సంచిలో పైపు రెంచి మూడేళ్ళు ఊరికే తిరిగింది, ఒక్కసారి వాడలేదు.

నూట పది సామాన్ల పెట్టె అని ఆన్‌లైన్లో అమ్ముతారే, దాని జోలికి పోకండి. అందులో తొంభై చిన్న చిన్న బిట్లు, సాకెట్లే ఉంటాయి. వాడే పది వస్తువులు మెత్తని ఇనుముతో ఉంటాయి. విడివిడిగా చేత్తో పట్టుకుని చూసి కొనండి.

2. సంచి

మందమైన కాన్వాసు గుడ్డతో, నోరు వెడల్పుగా తెరుచుకునేది చూడండి. అడుగు గట్టిగా ఉండాలి. రెక్సిన్ సంచీలు మన ఎండలకు ఆర్నెల్లలో పగులుతాయి. జిప్పు గుడ్డ లోపలికి కుట్టి ఉందా, పట్టీ సంచి అడుగు దాకా వచ్చిందా చూడండి. పట్టీ పైన అంచుకే కుట్టి ఉంటే ఏదో ఒక రోజు రోడ్డు మీద ఊడుతుంది.

డబ్బు పెట్టకూడదనుకుంటే 20 లీటర్ల ఖాళీ పెయింటు డబ్బా తీసుకోండి. కడిగి, లోపలి అంచుకు పాత జీన్స్ ప్యాంటు జేబులు కత్తిరించి వేలాడదీస్తే సరిపోతుంది. స్కూటర్ మీద కాళ్ళ మధ్య చక్కగా నిలబడుతుంది. పని చేసేటప్పుడు బోర్లిస్తే పీట కూడా అవుతుంది. వాన పడితే మాత్రం మూత మరిచిపోకండి.

3. కొలిచే సామాను: అంగట్లోనే పరీక్ష చేయండి

*టేపు.* కొన దగ్గరున్న కొక్కెం కొంచెం లూజుగా కదులుతుంది. అది పాడైందనుకుని సుత్తితో రివెట్లు బిగించేవాళ్ళను చాలామందిని చూశాను. చేయకండి. కావాలనే అలా చేస్తారు. కొక్కెం మందం ఎంతో అంతే కదులుతుంది. బయట తగిలించి లాగి కొలిచినా, లోపల గోడకు ఆనించి నెట్టి కొలిచినా ఒకే లెక్క రావడానికే ఆ ఏర్పాటు. పరీక్ష చాలా తేలిక: ఒక స్టీలు స్కేలును బయటనుంచి తగిలించి కొలవండి, తర్వాత స్కేలు ఒక కొన, టేపు కొక్కెం రెండూ గోడకు ఆనించి కొలవండి. రెండుసార్లూ ఒకే అంకె రావాలి.

కొక్కెం వంగిపోయిన టేపుతోనే పని చేయాల్సి వస్తే 10 సెంటీమీటర్ల గీత నుంచి మొదలుపెట్టి, చివర్లో 10 తీసేయండి. అదే టేపుతో పలక మీద గుర్తు పెట్టేటప్పుడైతే 10 కలపాలి. అది మరిచిపోయి నేనొక పలకను 10 సెంటీమీటర్లు పొట్టిగా కోశాను. అది ఇప్పటికీ వంటింట్లో డబ్బాల కింద ఉంది.

మన వడ్రంగి ఆచారులతో మాట్లాడేటప్పుడు ఇంకో తకరారు వస్తుంది. వాళ్ళు అంగుళాలు, నూళ్ళలో చెప్తారు. అంగుళానికి 8 నూళ్ళు. "రెండు నూళ్ళు తీసేయ్" అంటే పావు అంగుళం, ఆరు ఎం.ఎం. పైన కొంచెం. టేపుకు ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉన్నదే కొనండి. ఒక పని మొదలుపెట్టాక రెండూ కలపకండి.

*రసమట్టం.* ఇందులోనే నేను మోసపోయాను. తాత గదిలో పలక బిగించాను. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది, ఎంత సంబరమో! సాయంత్రం మా అమ్మ ఇత్తడి చెంబు కడిగి పలక మీద పడుకోబెట్టింది. అది మెల్లగా దొర్లుకుంటూ గోడ మూల దాకా పోయింది. "ఏందిరా ఇది, చెంబు దానికదే నడస్తా ఉండాది" అనింది. రసమట్టమే తప్పు. నేను దాన్ని కొన్న రోజు చూసుకోలేదు.

మీరు ఇలా చూసుకోండి. కౌంటర్ బల్ల మీద రసమట్టం పెట్టండి. బల్ల వాలుగా ఉన్నా ఫరవాలేదు. బుడగ ఏ పక్కకు ఎంత జరిగిందో గుర్తు పెట్టుకోండి, అంగడి వాకిలి వైపు సగం గీత అనుకుందాం. ఇప్పుడు దాన్ని ఎత్తి, కుడి కొన ఎడమకు వచ్చేలా తిప్పి, సరిగ్గా అదే చోట పెట్టండి. బుడగ మళ్ళీ వాకిలి వైపే సగం గీత జరిగి ఉంటే రసమట్టం మంచిది. ఈసారి మధ్యకు వచ్చినా, లోపలి వైపుకు పోయినా అది పనికిరాదు. పక్కన పెట్టి ఇంకొకటి అడగండి. అంగడాయన విసుక్కున్నా సరే, నాలుగైనా చూడండి.

*మూలమట్టం.* తిన్నగా ఉన్న అట్ట అంచుకు ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని బోర్లా తిప్పి, అదే చుక్క దగ్గర ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకటైపోవాలి. పైకి పోయేకొద్దీ చీలితే వద్దు. గది మూల అంత పెద్దది చూడాలంటే మూలమట్టం చాలదు. ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూల సరైనది. టైల్స్ వేయించే ముందు ఇది చూడకపోతే చివరి వరుసలో ముక్కలు ఏనుగు తొండంలా సన్నబడుతూ పోతాయి.

గుండుకు పరీక్ష అక్కర్లేదు, భూమి అబద్ధం చెప్పదు. దారం మాత్రం సన్నగా, గట్టిగా ఉండాలి. ఫ్యాను ఆపి చూడండి, లేకపోతే అది ఊగుతూనే ఉంటుంది.

4. తిప్పే సామాను

స్క్రూడ్రైవర్లలో ప్లస్ 2 నంబరు ఒకటి, 6 ఎం.ఎం. మైనస్ ఒకటి, స్విచ్ బోర్డులకు సన్నది ఒకటి. ఇంట్లో స్క్రూల్లో చాలావరకు 2 నంబరుకే సరిపోతాయి. అంగడికి పోయేటప్పుడు మీ ఇంటి తలుపు బందు స్క్రూ ఒకటి జేబులో వేసుకుపోండి. స్క్రూడ్రైవర్ మొనకు దాన్ని తగిలించి అడ్డంగా పట్టుకోండి. ఊగకుండా కూర్చుంటే అది మీకు సరిపోయినట్టే.

స్క్రూ తల అరిగిపోవడానికి కారణం ఎక్కువగా బలం కాదు, చిన్న సైజు మొన. తిప్పే ముందు గాట్లో ఇరుక్కున్న పెయింటును పేపర్ కట్టర్‌తో గీకేయండి. తిప్పేటప్పుడు మూడొంతుల బలం లోపలికి నెట్టడానికి, ఒక వంతే తిప్పడానికి పెట్టండి.

స్క్రూ స్పానర్ 8 అంగుళాలది చాలు. నట్టును పట్టుకున్నాక దవడ గట్టిగా బిగించి, బలమంతా కదలని దవడ మీద పడే వైపుకే లాగండి. తిరగేసి లాగితే స్పానర్ జారి మెటికలు గోడకు కొట్టుకుంటాయి. కొళాయి మెరుపు పోకుండా ఉండాలంటే మధ్యలో గుడ్డ చుట్టండి. బోరు నీళ్ళ ఉప్పు పట్టేసిన కొళాయి మొదటి దెబ్బకు కదలకపోతే ఇంకా బలం పెట్టకండి. గోడలో పైపు తిరిగిపోతుంది. వెనిగర్లో తడిపిన గుడ్డ చుట్టి గంట ఆగండి. అప్పటికీ రాకపోతే ప్లంబర్‌ని పిలవండి.

5. కొట్టేవి, కోసేవి

సుత్తి తల బరువు 450 గ్రాములు ఉంటే చాలు. కిలో సుత్తి కొన్నవాళ్ళు రెండో ఆదివారం నుంచి దాన్ని ఇంట్లోనే పెట్టి వస్తారు. కొయ్య పిడి అయితే ఎండాకాలంలో కొయ్య కుంచించుకుపోయి తల లూజవుతుంది. నీళ్ళలో నానబెడితే ఆ రోజుకు బిగుస్తుంది, ఆరాక మళ్ళీ ఊగుతుంది. కొత్త చీల కొట్టించుకోవడమే దారి. ఊగే సుత్తితో ఒక్క దెబ్బ కూడా కొట్టకండి, పక్కన పిల్లలు ఉంటారు.

శానం తల దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచులు విరిగి కంట్లో పడతాయి. ఆకురాయితో రాసేయండి, కళ్ళద్దాలు పెట్టుకోండి.

ఉలి ఒకటి చాలు. మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్ళ దగ్గర రకరకాల ఉలులు చూసి నేనూ ఐదు కొన్నాను. నాలుగు ఇంకా కాగితంలోనే ఉన్నాయి. ఉన్న ఒక్కటీ పదునుగా ఉందో లేదో కాగితం అంచు కోసి చూడండి. మొద్దు ఉలి జారి చేతిని కోస్తుంది, పదునుది చెక్కను కోస్తుంది.

హాక్సా బ్లేడు పళ్ళు ముందుకు, అంటే మీకు అవతలి వైపుకు చూడాలి. బ్లేడు మీద బాణం గుర్తు ఉంటుంది. సన్నటి రేకుకు, పైపుకు అంగుళానికి 24 పళ్ళది, మందమైన ఇనుముకు 18 పళ్ళది. నెట్టేటప్పుడు బలం, వెనక్కి లాగేటప్పుడు వదులు. వంకరగా కోసుకుపోతుంటే చేతిని కాదు, ముందు బ్లేడు బిగువును చూడండి.

6. టెస్టర్, జాగ్రత్తలు

టెస్టర్ ఉన్నది కరెంటు పని చేయడానికి కాదు, కరెంటు లేదని చూసుకోవడానికి. వైర్లు మార్చే పని కరెంటాయనకు వదిలేయండి.

మెయిన్ ఆపితే చాలదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపిన మరుక్షణం ఇన్వర్టర్ లైన్‌లోకి కరెంటు పంపడం మొదలుపెడుతుంది. నాకు షాక్ కొట్టింది అలాగే. మెయిన్ నేనే ఆపి, ధీమాగా స్టూలెక్కాను. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపండి.

వరుస ఇలా పెట్టుకోండి. ఆపకముందు పని చేసే చోటే టెస్టర్ పెట్టండి, దీపం వెలగాలి. రెండూ ఆపి మళ్ళీ పెట్టండి, వెలగకూడదు. మొదటిసారి వెలగకపోతే రెండోసారి వెలగకపోవడానికి అర్థం లేదు. పగటి వెలుతురులో ఆ చిన్న దీపం కనపడదు, చేత్తో నీడ పట్టండి. చెక్క స్టూలు మీద నిలబడితే వెలుగు ఇంకా మసకగా ఉంటుంది. వేలు పైన టోపీ మీదే పెట్టాలి, కింది ఇనుప కడ్డీని ముట్టకూడదు. తడి చేతులతో అసలు వద్దు. టెస్టర్‌ను స్క్రూడ్రైవర్‌గా వాడి బలంగా తిప్పితే లోపలి దీపం చెడుతుంది, ఆ సంగతి మీకు తెలియదు.

7. చిల్లర డబ్బా

పాత ప్లాస్టిక్ స్వీటు డబ్బా తీసుకోండి. 1 అంగుళం, ఒకటిన్నర అంగుళం స్క్రూలు, 6, 8 ఎం.ఎం. రావల్ ప్లగ్గులు (గోడ బెజ్జంలో స్క్రూ పట్టుకోవడానికి పెట్టేవి), టెఫ్లాన్ టేపు, ఇన్సులేషన్ టేపు, అర అంగుళం కొళాయి వాషర్లు, ఎం-సీల్, ఫెవికాల్ చిన్న డబ్బా, నాలుగు వెదురు పుల్లలు.

టెఫ్లాన్ టేపు కొళాయి మర వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడి బయటికి వస్తుంది. ఎనిమిది, పది చుట్లు చుట్టి, బిగించాక పొడి కాగితం ముక్క కింద పెట్టి పావుగంట ఆగండి. తడి తగిలితే విప్పి మళ్ళీ చుట్టాల్సిందే. ఇంకా బిగించి కారుడు ఆపాలని చూడకండి.

6 ఎం.ఎం. ప్లగ్గుకు 6 ఎం.ఎం. బిట్టే వాడాలి. ప్లగ్గు పొడవుకు ఇంకో 5 ఎం.ఎం. కలిపి బిట్టు మీద ఇన్సులేషన్ టేపు చుట్టుకోండి, అక్కడ ఆపేయండి. చేత్తో నెడితే దిగిపోయే ప్లగ్గు లూజు. సుత్తితో మెల్లగా తట్టితే దిగేది సరైనది.

ఇది సిమెంటు గోడల లెక్క. మన వైపు పాత ఇళ్ళలో సున్నపు గోడలున్నాయి. చంద్రగిరి కోటలో రాజమహల్‌ను కొయ్య లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, ఇన్ని వందల ఏళ్ళుగా నిలబడే ఉంది. సున్నం బలం సున్నానిది. కానీ దానికి మేకు కొడితే పిండిలా రాలుతుంది. అలాంటి గోడకు డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో (కొడుతూ తిరిగేలా) పెట్టకండి, మామూలుగా తిప్పండి. పొడవైన ప్లగ్గు వాడండి, వీలైతే ఇటుకలోకి దిగేలా చూడండి. ఊడిన చోట సిమెంటుతో మూయకండి. తేమ లోపలే ఉండిపోయి, చుట్టూ ఉన్న సున్నం కూడా ఉబ్బి రాలుతుంది. సున్నంతోనే మూయండి.

8. సర్దడం, తలుపు మీద పరీక్ష

సుత్తి, శానం అడుగున. ఉలికి, హాక్సా బ్లేడుకు పాత సైకిల్ ట్యూబు ముక్క తొడగండి. రసమట్టాన్ని గుడ్డలో చుట్టి పక్కన నిలబెట్టండి, దాని మీద ఏమీ పడేయకండి. టేపు, పెన్సిలు, టెస్టర్ పై జేబులో. వానాకాలంలో ఇనుప సామానుకు కుట్టు మిషను నూనె పలుచగా పూయండి. కొబ్బరినూనె పూస్తే కొన్నాళ్ళకు జిగటగా మారి దుమ్ము పడుతుంది.

ఇప్పుడు ఒక పని చేసి చూడండి. రాసుకుంటున్న తలుపు ఒకటి ఎంచుకోండి. కార్తీక మాసం వానల్లో తలుపు బిగుసుకుంటే అందరూ వెంటనే చిత్రిక పట్టిస్తారు. వేసవికల్లా కొయ్య ఆరి, వేలు దూరేంత సందు వస్తుంది. ముందు బందుల స్క్రూలు చూడండి. తలుపును తెరిచి, గొళ్ళెం వైపు అంచు పట్టుకుని పైకి ఎత్తండి. కదిలిందంటే పై బందు లూజు. స్క్రూ తీసి, బెజ్జంలో ఫెవికాల్ పూసిన వెదురు పుల్ల దూర్చి, మట్టంగా కోసేయండి. రాత్రంతా ఆరాక స్క్రూ బిగించండి. సగం తలుపులు దీంతోనే బాగవుతాయి. మిగతా వాటికి అంచున సుద్దముక్క రాసి తలుపు వేసి తీయండి. సుద్ద చెరిగిన చోట మాత్రమే 80 నంబరు కాగితంతో రుద్దండి. వానలు పోయాక, జనవరిలో చూసి, అప్పటికీ రాసుకుంటే చిత్రిక గురించి ఆలోచించండి.

ఈ పనికి సంచిలోంచి ఏమేం తీశారో చూసుకోండి. ఏదైనా వెతుక్కోవాల్సి వచ్చిందంటే సర్దడం మార్చండి. మూడు నెలల్లో ఒక్కసారి కూడా బయటికి రాని వస్తువును, టెస్టర్, కళ్ళద్దాలు తప్ప, ఇంట్లో పెట్టేయండి.

సామాను జాబితా కాగితం మీద రాసి సంచి మూత లోపల అంటించండి. బయలుదేరే ముందు దాన్ని చూసి లెక్క పెట్టండి. లెక్కలో ఒకటి తగ్గితే ముందు నీళ్ళ తొట్టి గట్టు మీద చూడండి. నా స్క్రూ స్పానర్ ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.